శనివారం సామ్యేల్ గుడిసె

గోదావరిఖనిలో సామ్యేల్ ఇల్లెక్కడని అడిగితే పది మంది పది దిక్కులు చూపిస్తారు. శనివారం సామ్యేల్ అని అడిగితే మాత్రం ఆటో ఆయన తిన్నగా తెచ్చి గుమ్మం ముందు దించుతాడు. దారిలో అతని కథ కూడా సగం చెబుతాడు. మిగతా సగం ఇది.

సామ్యేల్‌ది బొగ్గు గనిలో హాలేజీ ఆపరేటర్ ఉద్యోగం. భూమి లోపల తాడు యంత్రం దగ్గర కూర్చుని బొగ్గు నిండిన టబ్బులను పైకి లాగడం పని. అతని మతం యూదు మతం. వాళ్ళ నాన్న యాకోబు గుంటూరు వైపు నుంచి బొగ్గు నింపే కూలిగా వచ్చినప్పుడు ఒక ట్రంకు పెట్టెనూ, కొత్త పెళ్ళాన్నీ, ఆ మతాన్నీ కలిపి తెచ్చుకున్నాడు. మూడూ గట్టివే. ట్రంకు పెట్టె ఇంకా మంచం కింద ఉంది. ఆ కొత్త పెళ్ళాం రాహేలమ్మ ఎనభై నాలుగేళ్ళ వయసులో అదే మంచం మీద కూర్చుని ఇల్లు ఏలుతోంది. ఇక మతం సంగతి, అది సామ్యేల్ నెత్తిన పడింది.

శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం చీకటి పడేదాకా వాళ్ళు పని చేయకూడదు. నిప్పు ముట్టించకూడదు, ఆఖరికి లైటు స్విచ్చి కూడా తాకకూడదు. కంపెనీకి ఈ సంగతులతో పనిలేదు. దానికి శనివారమూ బొగ్గే కావాలి. అందుకని సామ్యేల్ ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే ఒక బేరం కనిపెట్టాడు.

"దసరాకు నీ డ్యూటీ నేను చేస్త. నా శనివారాలు రెండు నువ్వు చెయ్యి."

అట్లా దసరా పోయింది, రంజాన్ పోయింది, క్రిస్మస్ పోయింది, బోనాలు పోయాయి. ఊరంతా కొత్త బట్టలు కట్టుకుని పైన తిరుగుతుంటే సామ్యేల్ ఒక్కడు లోపల తాడు లాగాడు. ముప్పై ఏళ్ళు తిరిగేసరికి అతనికి మొహమాటపడని మతం ఆ పట్టణంలో లేకుండా పోయింది.

ఇరవై ఏళ్ళ కిందట చౌరస్తాలో రెండు ఊరేగింపులు ఎదురెదురుపడి, ఎవరు ముందు పోవాలనే దాని మీద రాళ్ళ దాకా వచ్చింది. పోలీసులు శాంతి కమిటీ వేస్తామన్నారు. అటువాళ్ళూ ఇటువాళ్ళూ ఒకరికొకరు తెలియకుండా ఒకే మాట అన్నారు: "సామేలన్న ఉంటే మేం వస్తం." అప్పటి ఇన్‌స్పెక్టర్‌కు అర్థం కాలేదు. ఆయన ఏ వర్గం తరఫున అని అడిగాడు. "ఏ వర్గం కాదు సార్, ఆయన శనివారం" అన్నారు.

అప్పట్నుంచీ శనివారం సామ్యేలే కమిటీ కార్యదర్శి. తర్వాత పెద్దపల్లి కలెక్టరేట్‌లో అన్ని మతాల హక్కులు చూసే కమిటీలో కూడా వేసుకున్నారు. అక్కడ అందరి ముందూ వాళ్ళ మతం పేరుతో చెక్కబిళ్ళలు పెట్టి, అతని ముందు 'ఇతరులు' అని పెట్టారు. ఇంటికొచ్చి చెబితే భార్య సుసన్నా నవ్వింది. "పోనీయ్, లెక్కల ఉన్నం గదా" అంది.

సామ్యేల్ తీర్పులు మహా సులువుగా ఉండేవి. మైకు ఎంత గట్టిగా పెట్టవచ్చు అనే తగాదా ఏళ్ళ తరబడి తెగలేదు. పోలీసులు ఏదో యంత్రం తెచ్చారు, దాన్ని ఎవరూ నమ్మలేదు. సామ్యేల్ కమిటీలో ఉన్న కనకవ్వను చూపించాడు. ఆమె బతుకమ్మ ఆడే ఆడవాళ్ళందరికీ పెద్ద. "కనకవ్వక్క గల్లీ ఆ కొసకు నిలబడి తిడితే ఈ కొసకు ఇనబడాలె. ఇనబడకుంటే మైకు ఎక్కువైనట్టు." ఇప్పటికీ అదే చట్టం. కనకవ్వకు దాంతో వచ్చిన గౌరవం అంతా ఇంతా కాదు.

సొంతవాళ్ళ దగ్గర మాత్రం అతని పెద్దరికం అంత తేలిగ్గా సాగలేదు. గోదావరిఖని, మందమర్రి, రామకృష్ణాపూర్ కలిపి వాళ్ళవి పదకొండు ఇళ్ళు. ఇళ్ళు పదకొండు, అభిప్రాయాలు పన్నెండు. కొన్ని ప్రార్థనలకు పది మంది మగవాళ్ళు ఉండితీరాలి. తొమ్మిది మంది ఎప్పుడూ దొరికేవాళ్ళు. పదోవాడు ఎప్పుడూ సెకండ్ షిఫ్టులో ఉండేవాడు.

ఇన్నేళ్ళలో సామ్యేల్ తన వాళ్ళ కోసం కమిటీని ఒక్కటంటే ఒక్కటి అడగలేదు. "పంచాయితీ చెప్పేటోడు చెయ్యి చాపొద్దు" అనేవాడు. దాన్ని అతను ధర్మం అనుకున్నాడు. రాహేలమ్మ మాత్రం పొగరు అనేది. కన్నతల్లికి తెలియదా?

ఆ పొగరుకు ఈ ఏడు మామిడిచెట్టు అడ్డం వచ్చింది.

వాళ్ళకొక పండుగ ఉంది, పర్ణశాలల పండుగ. ఇంట్లో మాత్రం గుడిసెల పండుగ అనే అంటారు. పూర్వం వాళ్ళ పెద్దలు ఎడారిలో గుడిసెల్లో బతికిన రోజులు తలచుకుంటూ ఆరుబయట ఆకుల గుడిసె వేసి, వారం రోజులు అందులో కూర్చుని తినాలి. గుడిసెకు నియమాలున్నాయి. కప్పు ఆకులతోనే వేయాలి. ఆ ఆకుల సందుల్లోంచి ఆకాశం కనపడాలి. గుడిసె మీద చెట్టు నీడ ఉండకూడదు.

ముప్పై ఏళ్ళుగా ఆ గుడిసె సామ్యేల్ క్వార్టర్ పెరట్లో లేచేది. పక్క క్వార్టర్‌లో ఎల్లన్న ఉంటాడు. గనిలో సర్దార్‌గా చేసి రిటైరయ్యాడు. పైకప్పును కర్రతో తట్టి, సప్పుడు విని, గట్టిగా ఉంటేనే కూలీలను పనికి వదిలే ఉద్యోగం. ఆ ఎల్లన్న గోడ పక్కన ఒక మామిడి మొక్క పెట్టాడు. దాన్ని బిడ్డ అని పిలుస్తాడు, చిటికెడు కొమ్మ తుంచనివ్వడు. బిడ్డ ఎదిగింది, గోడ దాటింది. సామ్యేల్ ఏటా గుడిసెను ఇంతింత జరుపుతూ వచ్చాడు. పోయిన ఏడు గుడిసెకూ బాత్రూముకూ ఒకే గోడ అయింది. ఈ ఏడు పెరడు మొత్తం బిడ్డ నీడలోకి పోయింది.

వచ్చే జనవరిలో సామ్యేల్ రిటైర్మెంట్. క్వార్టర్ ఖాళీ చేసి రెండు గదుల అద్దె ఇంట్లోకి పోవాలి, అదీ రెండో అంతస్తు. రాహేలమ్మ పుట్టి బుద్ధెరిగాక గుడిసె లేని పండుగ చేయలేదు. ఈ ఏడు కుదరకపోతే ఇక ఆమెకు ఆ యోగం లేదని సామ్యేల్‌కు బాగా తెలుసు. తెలిసి నిద్ర పట్టలేదు.

మిగిలింది ఇంటి ముందర రోడ్డు. ఆ రోడ్డు మీద నాలుగేళ్ళ కింద రెండు యువజన సంఘాలవాళ్ళు ఒకే జాగాలో రెండు గణపతి మండపాలు వేస్తామని తలలు పగలగొట్టుకున్నారు. అప్పుడు కమిటీ ఒక కట్టడి చేసింది: ఉన్న మండపాలు తప్ప కొత్తది లేవకూడదు, నిమజ్జనం అయిన తెల్లారి రోడ్డు మీద ఒక్క గుంజ కనపడకూడదు. ఆ కట్టడి చేయించింది ఎవరో వేరే చెప్పాలా? సామ్యేలే.

నిమజ్జనానికి ముందు శాంతి కమిటీ కూర్చుంది. ఈ ఏడు నిమజ్జనమూ మిలాద్ పండుగా ఒకే రోజు పడ్డాయి. మసీదు తరఫు ఖాజా భాయ్ తమ ఊరేగింపును మూడు రోజులు వెనక్కి జరుపుకుంటామన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చాయ్ వచ్చింది. లేవబోతుంటే సామ్యేల్ గొంతు సవరించుకున్నాడు.

"ఇంకొక దరఖాస్తు ఉన్నది సార్."

"ఎవరిది?" అన్నాడు సీఐ. ఆయన కొత్తగా వచ్చిన కుర్రవాడు.

సామ్యేల్ తన కుర్చీలోంచి లేచి, బల్ల అవతలికి పోయి, దరఖాస్తుదార్లు నిలబడే చోట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నాది సార్. మా అమ్మ కోసం ఇంటి ముంగట వారం రోజులు చిన్న గుడిసె ఎయ్యాలె."

"ఏస్కో అన్నా, దానికి అడుగుడేంది?" అన్నాడు ఖాజా భాయ్. కనకవ్వ అప్పటికే తల ఊపేసింది.

సామ్యేల్ మళ్ళీ చుట్టూ తిరిగొచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. కార్యదర్శి మొహం పెట్టాడు. ఖాళీగా ఉన్న జాగా వైపు చూస్తూ అడిగాడు: "నాలుగేండ్ల సంది కొత్త మండపం లేదని కట్టడి ఉన్నది. ఎరుకేనా?"

లేచాడు. అవతలికి పోయాడు. "ఎరుకే."

మళ్ళీ ఇవతలికి వచ్చాడు. "ఎరుకై ఎట్ల అడుగుతున్నవ్? ఇయ్యాల నీకిస్తే రేపు యూత్ పోరగాండ్లకు ఏం జవాబు చెప్పాలె? కొట్టేస్తున్న."

సీఐ చాయ్ గ్లాసు నోటి దాకా వచ్చి ఆగిపోయింది. "సామ్యేల్ గారూ, మేమెవ్వరం కాదనలేదు కదా!"

"మీరనరు సార్. మీకు నేనంటే మొహమాటం. అందుకే నేనే అన్న."

ఇంటికి వచ్చి తల్లికి చెప్పాడు. రాహేలమ్మ అంతా విన్నది. అరవై ఏళ్ళు దాటినా ఆమె నోట్లోంచి గుంటూరు యాస పోలేదు.

"ఊళ్ళో వాళ్ళందరి దేవుళ్ళకూ దారి చూపిస్తావు గానీ, నీ తల్లికి నాలుగు గుంజలు పాతలేవుట్రా? నీకు నువ్వే దరఖాస్తు పెట్టుకుని నువ్వే కొట్టేసుకున్నావా? నీలాంటి కొడుకును కన్నందుకు నన్ను కదా కొట్టాల్సింది!"

"కట్టడి కట్టడే గదనే అమ్మా. రోడ్డు మీద గుంజ పాతొద్దు."

"పాతొద్దు. సరే." ఆమె మంచం మీద సర్దుకుని కూర్చుంది. "మా నాయన ఒక ఏడు వరదొచ్చి ఊరంతా బురదయితే గుడిసె ఎక్కడ వేశాడో తెలుసా? ఎడ్లబండి మీద. బండి మీద వేసినా చెల్లుతుందని పెద్దవాళ్ళు చెప్పారు. దానికి గుంజ పాతక్కర్లేదు. చక్రాలుంటే చాలు."

సామ్యేల్ మనసు గంతేసింది, వెంటనే ముడుచుకుంది. కాలనీలో ట్రాక్టర్ ఉన్నది ఒక్క ఎల్లన్నకే. అడగాలంటే నోరు పెగలాలి. "చూద్దాం తీ" అని చెప్పులేసుకుని బయటికి పోయాడు. ఇంత పెద్దమనిషీ బజారు చుట్టి కూరగాయలు కొనుక్కుని వచ్చాడు, అంతే.

వచ్చేసరికి తల్లి కిటికీలోంచి అరుస్తోంది. "ఏమయ్యా ఎల్లన్నా! నీ బిడ్డ నా గుడిసె మింగింది. నీ ట్రాక్టర్ ఇస్తావా, ఇవ్వవా?"

ఎల్లన్న గోడ మీంచి తల పెట్టాడు. విషయం విని నోరు తెరిచాడు. "గీ ముచ్చటకా అవ్వా? గింత దానికి మీవోడు వారం సంది నా దిక్కు పిల్లి లెక్క చూస్తున్నడు? గురువారం గణపయ్యను గోదాట్ల ఇడిసి వస్త. శుక్రవారం పొద్దుగాల బండి మీదే."

శుక్రవారం పొద్దున ట్రాక్టర్ వచ్చి ఇంటి ముందు ఆగింది. ట్రాలీ నిండా గులాల్, నలిగిన బంతిపూలు, అటూ ఇటూ యూత్ పిల్లల మొహాల ఫ్లెక్సీలు. సామ్యేల్, సుసన్నా కలిసి కడిగారు. ఎంత కడిగినా చెక్కల్లో ఎరుపు పోలేదు. వెదురు కట్టారు, మూడు వైపులా చీరలు చుట్టారు, పైన కొబ్బరి మట్టలూ వేపకొమ్మలూ పరిచారు. ఆ కాలనీలో అంత చక్కటి గుడిసె ఎవరూ చూసి ఉండరు. ట్రాక్టర్ మీద అసలే చూసి ఉండరు.

అంతా అయ్యాక సామ్యేల్‌కు పాత జబ్బు తిరగబెట్టింది. లోపలికి పోయి సీఐకి ఫోన్ చేశాడు.

"సార్, మా కాలనీల రోడ్డు మీద ఒకటి లేచింది. మండపమో బండో సమజైతలేదు. మీరొచ్చి చూడాలె."

"ఎవరిది?"

"నాదే సార్."

"వస్తున్నా" అన్నాడు సీఐ.

ఫోన్ పెట్టి, స్నానం చేసి బయటికి వచ్చేసరికి గుడిసె కప్పు మీద కొత్త నీలం టార్పాలిన్ ఉంది. గాలి చొరకుండా బిగించి, తాళ్ళతో ముళ్ళు కూడా వేసి ఉంది. ఎల్లన్న కింద నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు.

"మబ్బు పట్టింది తమ్మీ. అవ్వ తడుస్తదని కప్పిన. గణపయ్యకు తెచ్చిందే, ఒక్క చుక్క దిగది."

సామ్యేల్ తల పట్టుకున్నాడు. "తియ్యాలె ఎల్లన్నా. ఆకాశం కనబడకుంటే గుడిసె చెల్లదు."

ఎల్లన్నకు కోపం వచ్చింది. మంచికి పోతే చెడు ఎదురైందన్నట్టు చూశాడు. "నేను ముప్పై ఏండ్లు కప్పు పడకుండ చూసినోన్ని. ఒక్క బొగ్గు పెళ్ళ రాలితే మనుషులను బయటికి తోలినోన్ని. నువ్వు నాకు బొక్కలున్న కప్పు కింద ముసలవ్వను కూసోబెడత అంటున్నవ్! గిదేం పండుగ?"

సామ్యేల్ కమిటీలో అయితే గంట మాట్లాడేవాడు. ఇక్కడ ఒక్క మాటే వచ్చింది. "మా నాన్న అనేటోడు. గనిల దిగినకాన్నుంచి పైకి చూసుడంటే భయమేనట. ఏడాదిల గీ ఏడు రోజులే భయం లేకుండ పైకి చూస్తనని."

ఎల్లన్న టార్పాలిన్ తాడు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. "యాకోబు కాక గట్లన్నడా?" అన్నాడు. తనే ట్రాలీ ఎక్కి ఒక్కొక్క ముడీ విప్పాడు.

అప్పుడే జీపు వచ్చింది. సీఐ దిగి ట్రాక్టర్ చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. వీధి వీధంతా చూస్తోంది. ఆయన టైరును బూటుతో తన్నాడు. "ఇంజను స్టార్ట్ అవుతుందా?"

ఎల్లన్న ఎక్కి స్టార్ట్ చేశాడు. గుడిసె వణికింది, నల్లటి పొగ సీఐ మొహాన కొట్టింది.

సీఐ దగ్గి, తేరుకుని చెప్పాడు. "బండే. బండి వాళ్ళ ఇంటి ముందు పెట్టుకుంటే శాంతికి ఏం భంగం? సామ్యేల్ గారూ, ఇంకోసారి మీ మీద మీరు ఫిర్యాదు చేస్తే మాత్రం లోపలేస్తా."

పొద్దు దిగుతోంది. సుసన్నా రాత్రి వంట దించి, రేపటి కోసం బొగ్గు పొయ్యి రాజేసి, మాంసమూ శనగలూ కలిపిన కుండ ఎక్కించింది. ఒకసారి రాజుకున్న బొగ్గు రేపు మధ్యాహ్నం దాకా తనంతట తనే మెల్లగా ఉడికిస్తుంది. దీపాలు వెలిగించింది. ఇక నిప్పుతో పని లేదు. రాహేలమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఎల్లన్న, ఖాజా భాయ్, సామ్యేల్, ఒక కానిస్టేబులు తలో కాలు పట్టుకుని పైకెత్తారు.

"నిన్న గణపయ్యను కూడా ఇట్లాగే ఎక్కించారంట" అంది రాహేలమ్మ గాల్లో ఉండగానే. "ఆయన్ను గోదాట్లో కలిపి వచ్చారు. నన్ను మాత్రం తిరిగి కిందికి దించండయ్యా."

పండుగకు అతిథులను పిలవాలనేది కూడా నియమమే. సీఐ ట్రాలీ ఎక్కక తప్పలేదు. కనకవ్వ ఎక్కింది, ఖాజా భాయ్ ఎక్కాడు. ఎల్లన్న తన పాత సర్దార్ కర్రతో సహా ఎక్కాడు. సామ్యేల్ ప్రార్థన చెప్పాడు. ప్లేట్లు తిరిగాయి. మబ్బు విడిపోయింది.

రాహేలమ్మ తల ఎత్తి చూసింది. చాలాసేపు చూసింది.

"చుక్కలేవిరా?"

సామ్యేల్ చూశాడు. గుడిసెకు సరిగ్గా పైన వీధి లైటు పెద్ద కళ్ళేసుకుని వెలుగుతోంది. ఆకుల సందుల్లోంచి దాని తెల్లటి వెలుతురు తప్ప ఇంకేమీ కనపడటం లేదు. పెరట్లో ముప్పై ఏళ్ళూ ఈ బెడద లేదు. ఇప్పుడు అతను ఆ లైటును ఆర్పలేడు, శుక్రవారం పొద్దుగూకింది. ఇంకొకరిని ఆర్పమని అడగనూ కూడదు, అదీ నియమమే. అమ్మ ముడతలు పడ్డ మొహం ఇంకా పైకే ఉంది. అతనికి ఏడుపొచ్చినంత పనయింది. బతుకులో మొదటిసారి మొహమాటం వదిలి అడగాలనుకున్నాడు. ఆ ఒక్కటీ అడగడానికి లేదు.

చివరికి అతను లైటు వైపు చూసి అన్నాడు: "గీ లైటు మస్తు మంచిగున్నది." అందరూ తింటూనే ఉన్నారు. గొంతు సవరించుకున్నాడు. "జర ఎక్కువనే మంచిగున్నది."

ఎల్లన్న తినడం ఆపి అతని మొహం చూశాడు. పైకి చూశాడు. రాహేలమ్మను చూశాడు. సప్పుడు విని కప్పు సంగతి చెప్పిన మనిషి ఆయన. ప్లేటు కింద పెట్టి, కర్ర పట్టుకుని దిగి, స్తంభం దగ్గరున్న డబ్బా వైపు నడిచాడు.

ఆ డబ్బాలో ఏ ఫ్యూజు దేనిదో ఆయనకు తెలియదు. పీకింది వీధి లైటుది కాదు, మొత్తం గల్లీది.

ఫ్యాన్లు ఆగాయి. టీవీలు ఆగాయి. "కరెంట్ పోయింది!" అని ఇంటింటి నుంచీ కేకలు లేచాయి. కనకవ్వ ట్రాలీ మీద నుంచే కరెంటు వాళ్ళ వంశాన్ని ఎత్తుకుంది, గల్లీ ఆ కొసకు వినపడింది. జనం చాపలూ విసనకర్రలూ పట్టుకుని బయటికి వచ్చి ట్రాక్టర్ చుట్టూ చేరారు. ఎవడు తీశాడని ఎవరో గద్దించారు. నోట్లో ముక్క ఉన్న సీఐ తాను చూడలేదన్నట్టు చెయ్యి ఊపాడు.

ఆకుల మీద వెన్నెల జారింది. రెండు మట్టల సందున ఒక చుక్క నిలబడి ఉంది. ఎల్లన్న తిరిగి ఎక్కి, ముప్పై ఏళ్ళ అలవాటు కొద్దీ కర్రతో కప్పును తట్టి చెవి పెట్టాడు. ఆకులు గలగలమన్నాయి, ఇంకేమీ లేదు. ఆయన కూడా పైకి చూస్తూ నిలబడిపోయాడు.

సామ్యేల్ లేచి తల్లి మీదికి వంగి మెల్లగా చెప్పాడు. "అమ్మా, నేనైతే ఎవ్వరినీ ఏం అడగలే."

"నువ్వెందుకు అడుగుతావురా" అంది రాహేలమ్మ, కళ్ళు దించకుండానే. "అడక్కుండానే ఇంతమంది ఇచ్చారు. ఆ తల కాస్త పక్కకు జరుపు, చుక్కకు అడ్డం."